కాలువ కబురు

మొగుడు మంచంలో కుళ్ళుతుంటే కుక్కను వెంటేసుకుని షికారు తిరిగిన మనిషని గంగరత్నం గురించి తెనాలిలో మా పాత వీధివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. భర్త పోయిన పన్నెండో రోజునే మళ్ళీ ఆ కుక్కను తీసుకుని గట్టెక్కిందని కూడా చెప్పుకుంటారు. ఎక్కిన మాట నిజమే. కానీ ఆ చెప్పుకునేవాళ్ళలో ఒక్కరైనా ఒక్క పూట వచ్చి ఆ మనిషిని ఇటునుంచి అటు తిప్పి పడుకోబెట్టిన పాపాన పోలేదు. నేను తిప్పాను, అప్పుడప్పుడు. అందుకని ఈ నాలుగు మాటలు రాసే హక్కు నాకుందనుకుంటున్నాను. ఆమె పందొమ్మిది వందల డెబ్బై ఆరులో రేపల్లెలో తమ్ముడి ఇంట్లో పోయిందట. నాకు ఆర్నెల్ల తరవాత తెలిసింది.

నేను అప్పట్లో ఎలిమెంటరీ స్కూలు మాస్టర్ని. అరవై తొమ్మిదిలో బదిలీ మీద తెనాలి వచ్చి, కాలువకు రెండు వీధుల ఇవతల ఒక పెంకుటింట్లో గది అద్దెకు తీసుకున్నాను. పక్క వాటాలో గంగరత్నం, ఆమె భర్త ముత్యాలరావు ఉండేవాళ్ళు. వాటా అంటే ఒక గది, ముందొక చిన్న వసారా. వసారాలో నులక మంచం, మంచం మీద ముత్యాలరావు. వాళ్ళకు పిల్లలు లేరు.

ముత్యాలరావు పడవ లాగే మనిషి. ఆ రోజుల్లో బియ్యం, సున్నం, కట్టెలు ఇంకా కాలువల మీదే పోయేవి. నీటివాలుకు పోయేటప్పుడు గడ వేస్తే చాలు. ఎదురు వచ్చేటప్పుడు మాత్రం మనిషి గట్టు మీద నడుస్తూ, తాడు భుజానికి వేసుకుని పడవను లాగాలి. పద్దెనిమిదేళ్ళు రేపల్లె, తెనాలి, బాపట్ల గట్ల మీద అతను చేసింది ఆ పనే. గంగరత్నానిది రేపల్లె దగ్గర పెనుమూడి, ఆమె పుట్టిందీ పడవల వాళ్ళ ఇంట్లోనే. పెళ్ళయ్యాక తెనాలిలో కాలువ గట్టునే గుడిసె వేసుకున్నారు. ఎప్పుడైనా మనిషి తక్కువైతే ఆమె కూడా మొగుడి వెనక తాడు పట్టుకుని లాగేది.

అరవై రెండులో బాపట్ల రేవులో సరుగుడు దుంగలు ఎక్కిస్తుంటే పై వరస జారి అతని నడుం మీద పడింది. గుంటూరు పెద్దాసుపత్రిలో నాలుగు నెలలు ఉంచి, ఇంక మా వల్ల అయ్యేది లేదని పంపేశారు. నడుం కింద నుంచి చచ్చుబడిపోయింది. తరవాత రెండేళ్ళకు కాలువ గట్టు మీద గుడిసెలు తీయించేస్తే వీళ్ళు ఈ వాటాలోకి వచ్చారు. ఇక్కడికి కాలువ కనపడదు, వినపడదు.

ఆమె రోజు ఎలా గడిచేదో నేను కళ్ళారా చూశాను. తెల్లవారుజామునే లేచి అతని కింద బట్టలు మార్చడం, వాటిని బావి దగ్గర ఉతకడం, పుళ్ళు కడిగి బోరిక్ పొడి చల్లడం, వీపు కింద లేత అరటాకు పరచడం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం. మధ్యలో నాలుగిళ్ళలో అంట్లు తోమి పరిగెత్తుకు రావడం. ఆలస్యమైతే అతను అరిచేవాడు. అతన్ని కూడా అనలేను, ఆ మంచంలో నన్ను పడేస్తే నేను ఇంకా పెద్దగా అరిచేవాణ్ణి.

ఒకరోజు నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఆమె బావి పళ్ళెం మీద కూర్చుని, నిండిన బిందెలోకి చేద ఒంపుతూనే ఉంది. నీళ్ళు కాళ్ళ మీదుగా పోతున్నా ఆమెకు తెలియలేదు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో నాకే తెలియదు.

"అక్కా, రోజూ అయిదు నుంచి ఆరు దాకా నేను ఆయన దగ్గర కూర్చుంటాను. నువ్వు కాసేపు బయటికి వెళ్ళి రా" అన్నాను.

"ఎక్కడికండీ?" అంది. నిజంగానే అడిగింది. ఏడేళ్ళలో ఊరికే బయటికి వెళ్ళడం అనే సంగతే ఆమె మర్చిపోయినట్టుంది.

వసారాలోంచి ముత్యాలరావు అందుకున్నాడు. "కాలువ మీదికెళ్ళవే. లాకుల దాకా పోయి ఏయే పడవలొచ్చినయ్యో చూసి రా. ఎవరన్నా పిలిచారేమో కూడా చెప్పు."

పిలవడం అంటే ఏమిటో నాకు అతనే చెప్పాడు. పడవవాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. తెలిసినవాడి ఇంటి ముందునుంచి పడవ పోతుంటే వాడి పేరు పెట్టి కేక వేయాలి. ఇంట్లో ఎవరుంటే వాళ్ళు గట్టు మీదికి వచ్చి "ఓ!" అని బదులివ్వాలి. ఆ కేక పడ్డంతకాలం ఆ మనిషి కాలువ మనిషే. అయితే మంచాన పడ్డవాడి పేరు నీళ్ళ మీద ఎత్తకూడదని వాళ్ళకొక భయం, ఆ గతి తమకూ పడుతుందని. ముత్యాలరావు పడిపోయాక ఒక్కొక్కరే పిలవడం మానేశారు. మానంది ఒక్కడే, పెనుమూడి సింగరయ్య. గంగరత్నానికి అన్న వరస. గుడిసె తీసేశాక కూడా, ఖాళీ గట్టును చూసి "ముత్యాల్రావు బావో!" అని కేకేసి పోయేవాడట.

మొదటి రోజుల్లో ఆమె నిజంగానే, కాలువ తలుపులు తెరిచేదాకా పడవలు ఆగే ఆ లాకుల దాకా వెళ్ళింది. వచ్చి చూసింది చూసినట్టు చెప్పేది. మూడో రోజు సింగరయ్య పడవ తగిలింది. ఆమెను గట్టు మీద చూసి కేకేశాడు, బావ నడుం ఎలా ఉందని అడిగాడు. ఆ మాట విన్న రోజు ముత్యాలరావు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఆ తరవాత ఆమె చెప్పు విడిచే లోపలే మొదలుపెట్టేవాడు. ఎన్ని పడవలు, ఏం సరుకు, తాడు మీద ఎవరున్నారు, సింగరయ్య వచ్చాడా. నేను పక్కన కూర్చుని వింటూ, పోనీలే మంచి పని చేశానని మురిసిపోయాను. ఆమెకు నేనిచ్చిన గంట అతను పుచ్చుకున్నాడన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

డెబ్బై కార్తీకంలో కుక్క తగిలింది. కాలువ వంతెన దగ్గర కుసుమకుమారిగారని రిటైరైన టీచరమ్మ ఉండేది. పెళ్ళి చేసుకోలేదు, మోకాళ్ళ నొప్పులు. ఆమెకు జిమ్మీ అని ఒక బలమైన ఎర్ర కుక్క. ఒక సాయంత్రం అది లాక్కుపోతుంటే ఆవిడ వంతెన మీద పడిపోయింది. గంగరత్నం పరిగెత్తి తాడు అందుకుని, కొస భుజం చుట్టూ తిప్పి నిలదొక్కుకుంది. పడవ లాగిన భుజం, కుక్కెంత. ఆవిణ్ణి ఇంట్లో దించి, "నేను తిప్పుకొస్తానండి దీన్ని" అని తనే అడిగింది. అప్పట్నుంచి రోజూ ఆమే తిప్పేది. ఆవిడ ఏదో ఇవ్వబోతే పుచ్చుకోలేదు. జీతం తీసుకుంటే ఇది కూడా పనైపోద్దండీ అందట.

చిక్కేమిటంటే పడవల్లో కూడా కుక్కలుంటాయి. లాకుల వైపు తీసుకెళ్తే జిమ్మీ వాటి మీదికి దూకేది. అందుకని ఆమె రెండో వైపుకు, పొలాల్లోకి పోయే బోదె గట్టుకు మళ్ళింది. అటు పడవలు రావు. వరిచేలు, కొంగలు, మోకాలి లోతు నీళ్ళు. కుక్క ముందు, ఆమె వెనక.

ఇంటికి వచ్చాక మాత్రం కబురు ఆగలేదు. రెండు బియ్యం పడవలయ్యా, ఒకటి సున్నం పడవ. సింగరయ్యన్న పిలిచాడు. నడుం నొప్పికి ఏదో ఆకు చెప్పాడు. రెండు మూడు రోజులకోసారి సింగరయ్య తప్పకుండా ఉండేవాడు. పిలిచేవాడు ఇంకొకడు లేడు గనక ఆమెకు వేరే పేరు చెప్పడానికి వీల్లేకపోయింది.

నాకు సంగతి తెలిసింది కుసుమకుమారిగారి వల్ల. మీ పక్కింటి గంగరత్నం రోజూ మా జిమ్మీని బోదె గట్టున తిప్పుతోంది, ఎంత మంచి మనిషో అని బజారులో కనపడి చెప్పింది. ఆ సాయంత్రం కూడా ఆమె లాకుల కబుర్లే చెప్పింది. మర్నాడు బావి దగ్గర అడిగాను.

"చెప్పేస్తారా మాస్టారూ?" అంది.

"చెప్పను. కానీ ఎందుకక్కా?"

ఆమె బట్ట పిండి పక్కన పెట్టింది. "అక్కడ నన్నెవరూ ఏదీ అడగరండి. ఆ కుక్క కూడా అడగదు. నేను నడుస్తా, అది నడుస్తది. ఇంటి దగ్గర మంచం ఉందని గూడా గుర్తుండదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఇవాళ ఏం చెప్పాలా అని దారి పొడుగునా ఆలోచించుకుంటా."

నేను తప్పు పట్టలేదు. ఇప్పటికీ పట్టను. కానీ ఆపవలసింది, అది నా తప్పు. అబద్ధం అల్లే కష్టం కూడా ఆమె మీదే పడుతోందని గ్రహించి, నేనే ఏదో ఒకటి చేసి ఉండాల్సింది. సాయంత్రం గంటసేపు కూర్చుని పుణ్యం కట్టుకున్నాననుకున్నాను.

డెబ్బై ఒకటి జనవరి చివర్లో, ఆమె కుక్కతో వెళ్ళిన ఒక సాయంత్రం, వాకిట్లోకి ఒక కుర్ర మనిషి వచ్చాడు. గుండు, మాసిన పంచె. గడప దాకా రాకుండా దూరంగా నిలబడ్డాడు.

"మావా, నేను చిన్నయ్యని. సింగరయ్య కొడుకుని. మైలలో ఉన్నా, లోపలికి రాకూడదు."

ముత్యాలరావు మెడ తిప్పి చూశాడు. "మైలేంటిరా?"

"మా నాయన పోయాడు మావా. గుండె నొప్పన్నాడు, అంతే. ఇవాళ్టికి ఎనిమిది రోజులు. దినం సామాన్లకని ఊళ్ళోకొచ్చా, నీకూ చెప్పిపోదామని. పడవ రేవులోనే కట్టేసుంది."

చిన్నయ్య దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె కబుర్లలో అంతకు ముందు రోజే సింగరయ్య ఈయన్ని పిలిచాడు. దానికి రెండు రోజుల ముందు కూడా పిలిచాడు. నేను లేచి వీధిలోకి వెళ్ళి ఆమెకు ఎదురుపడదామనుకున్నాను. "కూర్చోండి మాస్టారూ" అన్నాడు ముత్యాలరావు. ఆ గొంతు విని కూర్చున్నాను. అది నా రెండో తప్పు.

ఆమె వచ్చింది. కాళ్ళకు బోదె మట్టి. కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

"ఏంటే కాలువ మీద?" అన్నాడతను మామూలుగా.

"మూడు పడవలొచ్చినయ్యి. రెండు బియ్యానివి."

"సింగరయ్య?"

"వచ్చాడయ్యా. పిలిచాడు. బావకి ఎట్టా ఉందన్నాడు."

"సరుకేంటి?"

"సరుగుడు కట్టెలు."

"తాడు మీద ఎవరున్నారు?"

"చిన్నయ్యే లాగుతున్నాడు. బాగా పొడుగయ్యాడు వాడు."

నేను దగ్గాను. ఆమె నా వైపు చూడలేదు. అతను ఇంకా అడిగాడు. నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయి, సింగరయ్య చుట్ట కాలుస్తున్నాడా, నవ్వాడా. అన్నింటికీ చెప్పింది. నవ్వాడని కూడా చెప్పింది.

"వాడు పోయి ఎనిమిది రోజులైందే. కొడుకు ఇప్పుడే వచ్చి చెప్పి పోయాడు" అన్నాడతను.

ఆమె గోడ పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అన్న వరస మనిషి పోయిన కబురు కూడా ఆమెకు ఈ రకంగా తెలిసింది.

"అవును, అబద్ధమే. నేను లాకుల వైపుకి పోయి మూడు నెలలు కావొస్తంది. కుక్కని తీసుకుని బోదె మీద పోతన్నా. నువ్వడుగుతావని దారిలో అల్లుకొచ్చి చెబుతున్నా" అంది. గొంతు పెరిగింది. "రోజు మొత్తంలో నాకున్నది ఒక్క గంటయ్యా. అందులో కూడా నీ పడవలేనా?"

ముత్యాలరావు పైకప్పు వైపు చూశాడు. "పడవలు నాకెందుకే. నన్ను పేరు పెట్టి పిలిచేవాడు ఒకడున్నాడనుకున్నా" అన్నాడు. అని గోడ వైపు ముఖం తిప్పుకున్నాడు. అతను తిప్పగలిగింది ముఖం ఒక్కటే.

ఇద్దరిలో ఎవరిది న్యాయం అని నన్నడగొద్దు. నేను ఆ రాత్రి వండుకోలేదు, అంతే చెప్పగలను.

పది రోజులు ఆమె సాయంత్రాలు బయటికి వెళ్ళలేదు. కుసుమకుమారిగారు కబురు పెట్టింది, కుక్క గేటు దగ్గరే పడుకుంటోందని. పదకొండో రోజు ముత్యాలరావే "వెళ్ళు" అన్నాడు. వెళ్ళింది. ఈసారి లాకుల వైపుకే వెళ్ళింది. పడవ కుక్కలు మొరుగుతుంటే జిమ్మీ తాడును మోచేతికి బిగించి కట్టుకుని, ఒరుసుకుపోయిన చేత్తో తిరిగొచ్చింది. గడప దగ్గర నిలబడి చెప్పింది. "ఇవాళ ఒక్క పడవే. బియ్యం. ఎవరూ పిలవలేదు."

అతను పలకలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. తన గంటను తనే తెచ్చి అతని ముందు పెట్టింది. అతను ఇంక ఏమీ అడగడు. ఎవరూ పిలవలేదని రోజూ నిజం చెప్పడం, రోజూ అతను గోడను చూడడం. అన్నం కూడా తగ్గించాడు. పుళ్ళు లోతుకు దిగి జ్వరం పట్టుకుంది. డాక్టరు వచ్చి చూసి, ఆమెతో ఏమీ చెప్పకుండా నాతో చెప్పి వెళ్ళాడు.

మార్చి మొదట్లో ఒక శనివారం ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. కుక్కతో సహా వసారాలోకి వచ్చేసింది. అంతకు ముందు దాన్ని ఎప్పుడూ వీధిలోకి కూడా తేలేదు.

"పిలిచాడయ్యా! చిన్నయ్య! వాళ్ళ నాయన పడవేసుకుని బాపట్ల పోతన్నాడు. మన గుడిసుండే చోటు రాగానే, ముత్యాల్రావు మావో అని కేకేశాడు. నేను ఓ అన్నా. కాలువంతా వినపడేటట్టు అన్నా!"

ముత్యాలరావు ముందు కుక్కను చూశాడు. అది నాలుక వేలాడేసి మంచం కోడును వాసన చూస్తోంది. "ఇదేనా?" అన్నాడు. తరవాత ఆమెను చూశాడు. "బాగుంది. సింగరయ్య అయిపోయాడు, ఇప్పుడు కొడుకుని పట్టుకున్నావా?"

"నీ మీదొట్టు! నిజంగా పిలిచాడు!"

"నిజమే చెబుతోంది ముత్యాలరావూ" అన్నాను నేను, ఆగలేక.

"మీరు విన్నారా మాస్టారూ?"

"లేదు."

"మరి ఊరుకోండి."

ఆమె నేల మీద కూలబడింది. కాసేపటికి లేచి, "శుక్రవారం తిరుగు వస్తాడు. ఇంటికొచ్చి నీతో మాట్లాడతానన్నాడు. వాడి నోటితోనే విను" అంది. ఆమె కుక్కను తీసుకుని, దాన్ని దాని ఇంట్లో దించడానికి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా జ్వరం పెరిగింది. బుధవారం సాయంత్రం నేను మంచం పక్కన కూర్చుని పరీక్ష కాగితాలు దిద్దుతుంటే అతను కళ్ళు తెరిచాడు. "ఇవాళ వారం ఏంటి మాస్టారూ?" అన్నాడు. బుధవారం అన్నాను. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నమ్మి అడిగాడో, జ్వరంలో అడిగాడో నాకు తెలియదు. ఆమె రాగానే చెప్పాను. ఆమె ముఖం చూడాల్సింది. ఆ రోజు రెండుసార్లు అతని బట్టలు మార్చింది, శుభ్రంగా ఉండాలని, ఎవరో చుట్టాలొస్తున్నట్టు.

గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు అతన్ని పక్కకు తిప్పుతుంటే ఆమె చేతుల్లోనే ప్రాణం పోయింది.

శుక్రవారం ఉదయమే దహనం అయిపోయింది. సాయంత్రం నలుగురం వాకిట్లో కూర్చున్నాం. వసారాలో మంచం తీసేసిన చోట దీపం, గోడకు చేరగిలి గంగరత్నం. అయిదు దాటాక చిన్నయ్య వచ్చాడు. పడవ లాకు దగ్గర కట్టేసి వచ్చాడట. తాడు ఒరుసుకుని భుజం ఎర్రగా కమిలి ఉంది. వాకిట్లో జనాన్ని, దీపాన్ని చూసి అక్కడే ఆగిపోయాడు. ఈసారి మైల ఈ ఇంటిది.

అక్కణ్ణించే, "నేను పిలిచానత్తా. మొన్న శనివారం పిలిచాను గదా, మా నాయన పిలిచినట్టే. మావకి చెప్పావా?" అన్నాడు.

గంగరత్నం తల ఎత్తి వాణ్ణి చూసింది.

"నాకెందుకు చెబుతావురా, నేను విన్నాను గదా" అంది.